ఇంచీ టేపుతో కుడి మోకాలు: 16 వారాల డైరీ

నేను బెంగళూరులోని హూడిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మోటారు మిషను, పెడలు మీద కుడికాలు, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు. 2024 దసరా నుంచి కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు బాగా, ఎక్కేటప్పుడు కాస్త తక్కువ. చాలాసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు కుంటుకుంటూ నడవాలి. మిషను మీద బతికే అక్కచెల్లెళ్లు చాలామంది నాతో ఇదే మాట అన్నారు. అందుకే ఏం చేశానో, ఎక్కడెక్కడ తప్పు చేశానో కొలతలతో సహా రాస్తున్నాను.

చేసి చూద్దామనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. నన్ను ఎముకల డాక్టరు చూశారు, ఎక్స్‌రే తీశారు, అరుగుదల లేదని చెప్పారు. ఆ తర్వాతే ఇదంతా. మోకాలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో ఇరుక్కుపోయి కదలకపోయినా, నడుస్తుంటే కాలు వదిలేసినట్టు అనిపించినా, కింద పడ్డాక మొదలైన నొప్పి అయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, జ్వరం ఉన్నా ఇవేవీ మొదలుపెట్టకండి. డాక్టరు దగ్గరకు వెళ్లండి.

దశ 0: కొలత లేని పది సిట్టింగులు (డిసెంబరు)

ఇంటికి దగ్గర్లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పది సిట్టింగులు తీసుకున్నాను. కరెంటు ప్యాడ్లు పదిహేను నిమిషాలు, అల్ట్రాసౌండ్ ఏడు నిమిషాలు, వేడి కాపడం. నొప్పి తగ్గింది, కాదనను. రెండు మూడు గంటలు తగ్గేది, సాయంత్రానికి మళ్లీ అదే. ఆ పది రోజుల్లో ఒక్కరూ నన్ను మెట్లు దిగమని చూడలేదు. తొడ మీద చెయ్యి వేసి చూడలేదు. ఏం పని చేస్తావమ్మా అని అడగలేదు. ఆ విషయం ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

ఖర్చు: డాక్టరు, ఎక్స్‌రే 1,100. సిట్టింగులు 4,000. మొత్తం 5,100 రూపాయలు.

దశ 1: ఎక్కడ పట్టేసింది? (వారం 1, జనవరి మొదట్లో)

లైనింగు బట్ట కోసం వచ్చిపోయే ఒకామె వేరే ఫిజియో పేరు చెప్పింది. కర్నూలు వైపు అమ్మాయి, నాకంటే పదేళ్లు చిన్నది. నేను మేడమ్ అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ముప్పావు గంట చూసింది. బోర్లా పడుకోబెట్టి కాలు మడిచింది, గోడ దగ్గర నిలబెట్టింది, మంచం అంచున పడుకోబెట్టి కాలు వేలాడదీయమంది. చివర్లో, "అక్కా, మోకాలు బాగానే ఉంది. దానికి పైనా కిందా ఉన్న కండరాలు బిగుసుకుపోయాయి" అంది.

ఆమె చెప్పింది నాకు కుట్టుపనిలో వెంటనే అర్థమైంది. బ్లౌజు చంక దగ్గర ముడత పడితే చంక విప్పి కుట్టినా ప్రయోజనం ఉండదు. తప్పు భుజం కటింగులో ఉంటుంది. తొడ ముందు కండరం చిప్పను పట్టుకుని, దాని మీదుగా కిందికి దిగి ముంగాలి ఎముకకు అతుక్కుంటుంది. అది పొట్టిబడితే మోకాలు మడిచినప్పుడల్లా చిప్పను తొడ ఎముకకేసి ఎక్కువగా నొక్కుతుంది. మెట్ల మీద మామూలుగానే అక్కడ ఒంటి బరువుకు సుమారు మూడు రెట్ల ఒత్తిడి పడుతుందట. ఇక పిక్క. మెట్టు దిగేటప్పుడు పైమెట్టు మీదున్న కాలు చీలమండ దగ్గర బాగా వంగాలి. పిక్క బిగుసుకుంటే వంగదు, దాంతో పాదం లోపలికి వాలి, మోకాలు కూడా లోపలికి పోతుంది.

ఇంట్లో ఎలా కొలవాలో నేర్పించింది. నా టేపుతోనే:

1. మడమ–పిరుదు: బోర్లా పడుకోవాలి. ఇంకొకరు కాలిని మెల్లగా మడవాలి. ఆగిన చోట మడమకూ పిరుదుకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లో చూడాలి. తక్కువైతే మంచిది.
2. గోడ–బొటనవేలు: చెప్పులు లేకుండా గోడకు ఎదురుగా నిలబడాలి. మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి. తాకుతున్నంతవరకు పాదాన్ని వెనక్కి జరుపుతూ పోవాలి. చివరి చోట బొటనవేలి నుంచి గోడకు ఎంత దూరమో కొలవాలి. ఎక్కువైతే మంచిది.
3. తొడ వెనక: వెల్లకిలా పడుకుని తొడను నిలువుగా పట్టుకుని మోకాలు చాపాలి. పూర్తిగా చాచడానికి ఇంకా ఎన్ని డిగ్రీలు తక్కువో ముంగాలి మీద ఫోను పెట్టి చూడాలి. తక్కువైతే మంచిది.
4. మెట్లు: మా ఇంటి 36 మెట్లు, ఖాళీ చేతులతో దిగినప్పుడు నొప్పి పదికి ఎంత.

మొదటి కొలత (కుడి / ఎడమ): మడమ–పిరుదు 19 / 11 సెం.మీ. గోడ 5.5 / 9 సెం.మీ. తొడ వెనక 38 / 30 డిగ్రీలు. మెట్లు 6.

కాగితం మీద చూసుకుంటే గుండె ఝల్లుమంది. బ్లౌజులో అర అంగుళం తేడా వస్తేనే విప్పి కుడతాను. ఇక్కడ ఒక కాలికీ ఇంకో కాలికీ 8 సెంటీమీటర్ల తేడా.

ఖర్చు: 700. మొత్తం 5,800.

దశ 2: గట్టిగా లాగితే ఏమైంది (వారాలు 2–3)

మేడమ్ చూపించింది పక్కకు పడుకుని చేసే స్ట్రెచ్. నేను ఫోనులో చూసి నిలబడి చేసేది పట్టుకున్నాను. పాదం చేత్తో పట్టుకుని మడమను పిరుదుకు ఆనించేదాకా లాగడం, పైగా కుదుపుతూ. తొందరగా సాగుతుందనుకున్నాను. నాలుగో రోజుకు చిప్ప కింద సూది గుచ్చినట్టు నొప్పి.

అదే వారం సంక్రాంతి. గేటు ముందు గొంతుక్కూర్చుని ముగ్గు వేశాను, ఇరవై నిమిషాలు. లేవలేకపోయాను. గేటు ఊచలు పట్టుకుని లేచాను. ఆ సాయంత్రం మెట్ల నొప్పి 8. తర్వాత నాలుగు రోజులు ఏమీ చేయలేదు.

మూడో వారం కొలిస్తే మడమ–పిరుదు 14 వచ్చింది. ఐదు సెంటీమీటర్లు తగ్గిందే అని సంతోషపడ్డాను, కానీ నొప్పి పెరిగింది కదా, ఈ లెక్క ఎలా కుదురుతుంది? పీయూసీ (ఇంటర్) చదివే మా అమ్మాయి పక్కనుంచి చూసి, "అమ్మా, నీ నడుము పైకి లేస్తోంది" అంది. నిజమే. కండరం సాగనప్పుడు నడుము విల్లులా వంగి కాలికి చోటిస్తోంది. ఆ రోజు వేడి కాపడం పెట్టిన వెంటనే కొలిచాను కూడా. రెండూ కలిసి దొంగ కొలత ఇచ్చాయి.

మార్చినవి:

1. పొట్ట కింద మడిచిన టవలు. మా అమ్మాయి ఒక చెయ్యి నా నడుము కింది భాగం మీద ఉంచుతుంది. అది కదిలిన క్షణంలో ఆపాలి, అదే కొలత.
2. ఎప్పుడూ ఉదయం 7 గంటలకు, కాపడానికీ స్ట్రెచ్‌కీ ముందు, వారానికి ఒక్కసారే.
3. మూడుసార్లు తీసి మధ్య అంకె రాసుకోవాలి.

సరైన పద్ధతిలో మళ్లీ కొలిస్తే 18.5. రెండు వారాల్లో అర సెంటీమీటరు.

తప్పిన రోజులు: 14లో 4.

దశ 3: మెల్లగా, తుంటి వెనక్కి (వారాలు 4–6)

రెండోసారి మేడమ్ దగ్గరకు వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఏమీ అనలేదు, మంచం ఎక్కమంది. తొడ ముందు కండరంలో ఒక పాయ తుంటి పైనుంచి మొదలవుతుంది. కాబట్టి మోకాలు మాత్రమే మడిస్తే అది పూర్తిగా సాగదు, భారమంతా చిప్ప మీద పడుతుంది. మోకాలు కొంచెం తక్కువ మడిచి, తొడను వెనక్కి తీసుకెళ్లాలి.

రోజూ చేసినది:

1. ఐదు నిమిషాలు ఇంట్లోనే నడక, లేదా తొడ మీద వేడినీళ్ల సంచి.
2. ఎడమవైపు పడుకుని, ఎడమ మోకాలిని పొట్టకేసి మడిచి పట్టుకోవాలి. ఇలా చేస్తే నడుము వంగదు. కుడి చీలమండకు పాత చున్నీ వేసి మెల్లగా వెనక్కి. తొడ మధ్యలో గుంజాలి. చిప్ప దగ్గర గుంజితే చున్నీ వదులు చేయాలి. 30 సెకన్లు, 4 సార్లు.
3. పిక్క: గోడకు చేతులు ఆనించి, కుడికాలు వెనక, మోకాలు నిటారుగా. 30 సెకన్లు, 3 సార్లు. తర్వాత అదే చోట మోకాలు కొంచెం వంచి ఇంకో 3 సార్లు. పైకండరం ఒకటి, దాని అడుగున ఇంకొకటి ఉంది. రెండోది మోకాలు వంచితేనే సాగుతుంది.
4. తొడ వెనక: వెల్లకిలా పడుకుని పాదానికి చున్నీ వేసి కాలు పైకి. 30 సెకన్లు, 3 సార్లు.

మొత్తం పదిహేను నిమిషాలు. కుదుపు లేదు, ఊపిరి బిగబట్టడం లేదు.

ఈ దశలోనే ఫోమ్ రోలరు (కండరాల మీద దొర్లించే గుండ్రటి గట్టి స్పాంజి) కొన్నాను. అందరూ చేస్తున్నట్టే తొడ బయటివైపు, తుంటి నుంచి మోకాలి దాకా ఒంటి బరువంతా వేసి దొర్లాను. మూడు రోజుల్లో తొడ పక్కన నీలం మచ్చలు. అక్కడున్నది కండరం కాదు, దళసరి పట్టీ. మనం దొర్లితే సాగే రకం కాదట. దాన్ని లాగి పట్టుకున్న కండరాలు పైన, తుంటి ముందుపక్కా పిరుదులోనూ ఉన్నాయి. రోలరును తొడ ముందు భాగానికి మార్చాను. తుంటి పక్కన నొక్కడానికి టెన్నిస్ బంతి సరిపోయింది, ఒక్కో చోట ఒక నిమిషం. నిజం చెప్పాలంటే రోలరు కొనకపోయినా నడిచేది. చేసిన వెంటనే హాయిగా ఉంటుంది తప్ప, వారం కొలతల్లో దాని వల్ల తేడా నాకు కనిపించలేదు.

వారం 6 (కుడి): మడమ–పిరుదు 15. గోడ 7. తొడ వెనక 31. మెట్లు 4.
ఖర్చు: రోలరు 650, రెండో విజిట్ 500. మొత్తం 6,950. తప్పిన రోజులు (రెండో వారం నుంచి మొత్తం): 35లో 6.

దశ 4: నాలుగు దగ్గరే ఆగిపోయింది (వారాలు 7–11)

ఏడు, ఎనిమిది వారాల్లో కండరం సాగుతూనే ఉంది. 15 నుంచి 14కు వచ్చింది. మెట్ల నొప్పి మాత్రం 4 దగ్గర కదలకుండా కూర్చుంది. చిక్‌పేట బజారుకు వెళ్లి లైనింగు, హుక్కులు, లేసులు తెచ్చిన రోజైతే 5. మెజెస్టిక్ స్టేషనులో మెట్రో లైను మారేటప్పుడు సంచి బరువుతో మెట్లు దిగడం నాకు పెద్ద పరీక్ష.

మేడమ్ కారణం చూపించింది. చిన్న మెట్టు మీద కుడికాలితో నిలబడి ఎడమ మడమను నేలకు తాకించమంది. నా మోకాలు లోపలికి వంగిపోయింది. తుంటి పక్క కండరంలో బలం లేదు, తొడలో బలం లేదు. బలం లేని కండరం కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది కూడా, సాగదీస్తూ కూర్చుంటే సగం పనే అవుతుంది అంది. ఈ మాట మొదటి వారమే ఆమె చెప్పింది, కాగితంలో రాసి కూడా ఇచ్చింది. సాగితే చాలనుకుని నేనే వదిలేశాను. ఇన్ని వారాలు ఆలస్యం అయింది నా వల్లే.

కొత్తగా చేర్చినవి, రోజు విడిచి రోజు:

1. గోడకు వీపు ఆనించి కొంచెం మాత్రమే కిందికి జారి ఆగడం. కుర్చీలో కూర్చున్నంత లోతు వద్దు, దాంట్లో సగమే. 30 సెకన్లతో మొదలుపెట్టి 45కు, 5 సార్లు.
2. పక్కకు పడుకుని పైకాలు నిటారుగా, కొంచెం వెనక్కి లేపడం. 10 చొప్పున 3 సార్లు. రెండు వారాల తర్వాత రబ్బరు బ్యాండుతో.
3. మెట్టు దిగడం: 10 సెం.మీ. ఎత్తు చెక్క. 8 చొప్పున 3 సార్లు.
4. మడమలు లేపడం: 12 చొప్పున 3 సార్లు. దించేటప్పుడు మెల్లగా, మూడు లెక్కపెట్టి.

నొప్పి లెక్క ఇలా పెట్టింది: చేసేటప్పుడు 3 దాకా రావచ్చు, మర్నాటి ఉదయానికి మామూలుకు రావాలి. రాకపోతే తర్వాతిసారి ఒక రౌండు తగ్గించాలి.

మెట్టు దిగేటప్పుడు మోకాలు ఎటు పోతుందో తలవంచి చూస్తే సరిగ్గా తెలియదు. ట్రయల్ కోసం పెట్టుకున్న నిలువుటద్దం ముందు చెక్క వేసుకున్నాను. అద్దం పైనుంచి ఒక దారం వేలాడదీసి, కొసకు నిండు బాబిన్ కట్టాను. సల్వారు మీద చిప్ప మధ్యలో చాక్‌తో గుర్తు. పాదం రెండో వేలు, చాక్ గుర్తు, దారం ఒకే వరసలో ఉండాలి. మొదటి రోజు ఎనిమిదింటిలో ఆరుసార్లు గుర్తు దారం దాటి లోపలికి పోయింది. పదో వారానికి ఎనిమిదింటిలో ఒకసారి.

మధ్యలో చిప్పకు చర్మానికి అతుక్కునే టేపు కూడా వేశారు. చిప్పను కొంచెం బయటివైపు నుంచి లోపలికి లాగి అంటించే పద్ధతి. దీన్ని 1986లో ఆస్ట్రేలియా ఫిజియో జెన్నీ మెక్‌కానెల్ రాసి పరిచయం చేశారని మేడమ్ చెప్పింది. వేసిన వెంటనే మెట్ల నొప్పి 4 నుంచి 2కు తగ్గింది. ఆ ధైర్యంతో వ్యాయామాలు బాగా చేయగలిగాను. కానీ రాత్రి తీయకుండా పడుకున్నాను, మర్నాడు చర్మం ఎర్రగా కందిపోయి దురద. నాలుగు రోజుల తర్వాత మానేశాను.

వారం 11 (కుడి): మడమ–పిరుదు 13.5. గోడ 8. తొడ వెనక 27. మెట్లు 2.
ఖర్చు: బ్యాండు 350, టేపు 380, మూడో విజిట్ 500. మొత్తం 8,180. తప్పిన రోజులు: 70లో 11.

దశ 5: ఉగాది (వారం 12)

మార్చి 30 ఉగాది. మా తెలుగువాళ్లకూ పండగే, కన్నడవాళ్లకూ పండగే, అందరికీ ముందురోజుకే కావాలి. తొమ్మిది రోజుల్లో 38 బ్లౌజులు. హుక్కులు, హెమ్మింగు పక్కింటమ్మాయికి ఇచ్చినా రోజుకు పదకొండు గంటలు మిషను మీదే. వ్యాయామాలు మానేశాను.

సోమవారం ఉదయం కొలత: మడమ–పిరుదు 16. గోడ 6.5. మెట్లు 6.

పడక మీద కూర్చుని ఏడ్చాను. పదకొండు వారాల పని వారంలో పోయిందనిపించింది. మేడమ్‌కు ఫోను చేస్తే, "బలం ఎక్కడికీ పోదక్కా, తొందరగానే వెనక్కి వస్తుంది. మీరు మిషను మీద కూర్చున్న ఫోటో ఒకటి పక్కనుంచి తీసి పంపండి" అంది. రోజుకు అరగంట వ్యాయామం చూసుకున్నాను గానీ, మిగతా తొమ్మిది గంటలు కాలు ఎలా ఉందో ఈ మూడు నెలల్లో నేను కొలవనే లేదు.

దశ 6: స్టూలు, పెడలు (వారాలు 13–16)

కొలిచాక తేలింది ఇది. స్టూలు ఎత్తు 42 సెం.మీ. పెడలు నా కిందికే జరిగి ఉంది. నిటారు కాలు సున్నా అనుకుంటే కుడి మోకాలు 105 డిగ్రీలు మడిచి, తుంటి ముడుచుకుని కూర్చుంటున్నాను. పైగా మడమ గాల్లో ఉంచి వేళ్లతో నొక్కే అలవాటు. అంటే పిక్క రోజంతా ముడుచుకునే ఉంటోంది.

1. ముందు స్టూలు మీద రెండు దిండ్లు వేశాను. ఎత్తు వచ్చింది కానీ ఒరిగిపోయి రెండు రోజుల్లో నడుము పట్టేసింది. తీసేశాను.
2. వడ్రంగితో స్టూలు కాళ్లకు ముక్కలు వేయించి 47 సెం.మీ. చేశాను.
3. స్టూలు ఎత్తు పెరిగేసరికి మెడ వంగింది. మిషను బల్ల కాళ్ల కింద 3 సెం.మీ. చెక్కలు వేశాను.
4. పెడలు 15 సెం.మీ. ముందుకు జరిపి, జారకుండా కింద పాత రబ్బరు చాప ముక్క. మడమ ఆనడానికి పక్కన సన్న చెక్క.
5. మధ్యాహ్నం తర్వాత పెడలు ఎడమకాలికి. మొదటి మూడు రోజులు కుట్టు అడ్డదిడ్డంగా పోయింది, పాత గుడ్డల మీద నేర్చుకున్నాను.
6. ఫోనులో 25 నిమిషాల అలారం. మోగగానే లేచి, కటింగు బల్ల దగ్గర నిలబడి చేసే పనులు.

ఇప్పుడు మోకాలి మడత 75 డిగ్రీలు. వ్యాయామాలు పదమూడో వారంలో సగం రౌండ్లతో మళ్లీ మొదలుపెట్టి, పద్నాలుగో వారానికి పూర్తిగా చేశాను. మెట్టు చెక్క 15 సెం.మీ.కు పెంచాను. మేడమ్ చెప్పినట్టే పోయిన కొలత పది రోజుల్లో తిరిగి వచ్చింది.

వారం 16 (కుడి / ఎడమ): మడమ–పిరుదు 12 / 10.5. గోడ 9 / 9.5. తొడ వెనక 24 / 25. మెట్లు 1.
ఖర్చు: వడ్రంగి 450, నాలుగో విజిట్ 500. మొత్తం 9,130. తప్పిన రోజులు: 105లో 22, అందులో 9 ఉగాదివే.

ఈ డబ్బులో స్టూలుకూ చెక్కలకూ పెట్టిన 450 నేను మొదటి వారంలోనే పెట్టాల్సింది.

పోయిన శనివారం చిక్‌పేట నుంచి రెండు సంచులు మోసుకొచ్చాను. మెజెస్టిక్ మెట్లు రెయిలింగు పట్టుకోకుండా దిగాను, నొప్పి 2, ఇంటికొచ్చి పడుకునేసరికి లేదు.

గొంతుక్కూర్చోవడం ఇంకా కాలేదు. నిన్న గేటు ముందు నాలుగు చుక్కల ముగ్గు వేసి చూశాను. మూడో నిమిషానికి 3 దాటింది, లేచాను. మా అమ్మాయి లోపలి నుంచి పీట తెచ్చి వేసింది. మిగతా ముగ్గు పీట మీద కూర్చుని పూర్తి చేశాను. పీట ఎత్తు 16 సెం.మీ. వచ్చే నెల 12 ఉన్నదాంతో చూస్తాను.